రంగు పాకలో ఉప్పు

నా అరచేతులు నల్లబడుతున్నాయని మొదట కనిపెట్టింది నేనే. మిగతావాళ్ళకి అది కనిపెట్టాల్సిన సంగతిగా తోచలేదు. మాది బండారులంక. మా వీధిలో రంగు వేసేవాళ్ళకి తెల్ల చేతులుంటేనే వింత. మా ఆయన ఇంట్లో గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. నేను వీధి చివర రంగు పాకలో నూలు చిలపలు, అంటే నూలు చుట్టలు, రంగులో ముంచేదాన్ని. ఎరుపు ముంచిన వారం చేతులు ఎర్రగా ఉండేవి, నీలం ముంచిన వారం నీలంగా ఉండేవి. నలుపు ముంచిన వారం మా అత్తగారు నన్ను పాలగిన్నె ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఇది డెబ్బైల మధ్యలో మాట. ఏ సంవత్సరమో గట్టిగా చెప్పమంటే చెప్పలేను. అప్పటికి నాకు అక్షరాలు రావు. మా గోడ మీద క్యాలెండరు బొమ్మ కోసం ఉండేది, తారీఖుల కోసం కాదు. నాకు ముప్పై దాటి ఉంటాయి. పెళ్ళై పన్నెండేళ్ళు. పిల్లల్లేరు.

రంగు ఎలా అంటుతుందో, ఎలా వదులుతుందో నాకు బాగా తెలుసు. అది ముందు గోళ్ళ మొదళ్ళలో దిగుతుంది. కడుక్కుంటూ పోతే అరచేయి ముందు తెల్లబడుతుంది, గోళ్ళు ఆఖరున. నాకు ఇది తిరగబడింది. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అరచేతి గీతలు మాత్రం ఎవరో కాటుకపుల్లతో గీసినట్టు ఉన్నాయి. చింతపండు రుద్దాను, నిమ్మచెక్క రుద్దాను, బట్టలసోడా పెట్టాను. ఆఖరికి ఇటికముక్క కూడా రుద్దాను. తోలు లేచింది కాని నలుపు లేవలేదు.

మా ఆయనకి చూపించాను.

"చూడండి. ఇది రంగు కాదు."

ఆయన మగ్గం మీద నాడె ఆడించడం ఆపలేదు. "రంగు పాకలో పనిచేసేదాని చేతికి రంగు కాక ఏటంటుకుంటది? గంధమా?"

"గోళ్ళు చూడండి మరి."

"గోళ్ళు బానే ఉన్నాయి కదే."

"అందుకే చూడమంటన్నాను!"

ఆయనకి అర్థం కాలేదు. నాకూ అంతకన్నా చెప్పడం రాలేదు.

ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పొద్దున్న లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మేవి, గోడ పట్టుకుని కాసేపు ఆగితేగాని అడుగు పడేది కాదు. తిన్నది వాంతి అయ్యేది. రవికలు వదులయ్యాయి. నెల ఆగింది. అన్నిటికన్నా వింత ఏమిటంటే ఉప్పు మీద మనసు. కూరలో వేసిన ఉప్పు నా నోటికి తెలిసేదే కాదు. విడిగా రాళ్ళుప్పు కొంగున కట్టుకుని తినేదాన్ని. ఒకరోజు మా అత్తగారు మాగాయ జాడీ వంచి చూశారు.

"ఏవే, ఊటంతా ఏదే?"

"నేనే తాగేనండి."

"తాగేవా! మజ్జిగనుకున్నావేటి?"

"తాగాలనిపించిందండి."

తిడతారనుకున్నాను. ఆవిడ మొహం విప్పారింది. "వాంతులు, కళ్ళు తిరగడం, ఊరగాయ మీద మనసు. ఇంకేటి కావాలే మొద్దూ! నెలెప్పుడు తప్పింది?" అంటూ నా నెత్తి మీద చెయ్యి పెట్టారు. పన్నెండేళ్ళలో ఆవిడ నన్ను అలా ముట్టుకోవడం అదే మొదలు. ఆ నెలా, తర్వాతి నెలా నాకు మంచంమీదికే కాఫీ తెచ్చిచ్చారు. కడుపు మాత్రం పెరగలేదు. నేనే తరిగిపోయాను. మూడో నెలకి ఆవిడ కాఫీ మానేశారు. నన్ను వైద్యులుగారి దగ్గరికి తీసుకెళ్ళారు.

వైద్యులుగారిది మాకు రెండు మైళ్ళ దూరంలో ఊరు. మంచి మనిషి. అబద్ధం చెప్పను, ఆ రోజుల్లో మా వీధిలో ఎవరికి ఏ జబ్బు చేసినా ముందు ఆయన దగ్గరికే వెళ్ళేవాళ్ళం. ఆయన ఇంత అని అడగరు. మందు కట్టిచ్చి, పథ్యం చెప్పి, ఆ రోగి సంగతి పుస్తకంలో రాసుకుని, "వెళ్ళిరండమ్మా" అంటారు. నా నాడి చూశారు, నాలుక చూశారు.

"నోటికేం తినాలనిపిస్తోందమ్మా?" అని నన్నడిగారు.

నా బదులు మా అత్తగారు చెప్పారు. "ఉప్పండి! జాడీలు ఖాళీ చేసేస్తందండి."

ఆయన తల ఊపారు. "అదేనమ్మా జబ్బు. ఉప్పు రక్తాన్ని విరిచేస్తోంది. ఒళ్ళు నల్లబడ్డం దాని గుర్తే. ఉప్పు మాన్పించి మందివ్వాలి. ఒక మండలం చప్పిడి."

చప్పిడి పథ్యమంటే తెలియనివాళ్ళు మా వైపు ఉండరు. ఏ జబ్బుకైనా సగం మందు అదే. నలభై రోజులు అన్నంలో ఉప్పు రవ్వ ఉండకూడదు. ఉప్పు లేని పెసరకట్టు, ఉప్పు లేని పొట్లకాయ, పాలు. పథ్యం తప్పితే పుచ్చుకున్న మందే విషమవుతుందని అందరం నమ్మేవాళ్ళం. మా అత్తగారు ఆ పూటే ఉప్పు జాడీ, ఊరగాయ జాడీలు అటకెక్కించి నిచ్చెన పక్కింట్లో పెట్టారు.

నాలుగోరోజుకి నేను గుమ్మం దాటలేకపోయాను. అయిదోరోజు ఇంట్లో పడి ఉండలేక, గోడలు పట్టుకుంటూ రంగు పాకకి వెళ్ళాను. పనికి కాదు. ఊరికే కూర్చుని చిలపలకి దారాలు కడదామని.

అక్కడ ఉప్పు బస్తా ఉంది.

రంగు పని తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. వేడినీళ్ళలో రంగు కలిపి నూలు ముంచాక ఉప్పు వేస్తాం. ఉప్పు పడితే రంగు నీళ్ళని వదిలి నూలుని పట్టుకుంటుంది. అందుకని పాకలో ఒక మూల ఎప్పుడూ ఉప్పు బస్తా ఉంటుంది. అది తిండి ఉప్పు కాదు, మట్టి, గోనెపీచు కలిసిన ముతక సరుకు. ఏళ్ళ తరబడి డబ్బాలతో ముంచి తొట్టిలో పోశాను గాని ఆ రోజుదాకా దాని వంక చూసిన పాపాన పోలేదు. అందరూ గంజి తాగడానికి వెళ్ళారు. నేను బస్తా దగ్గర చతికిలబడ్డాను. పీచు ఏరిపారేసి, చిటికెలు చిటికెలుగా అరచేతిలో సగం దాకా తిన్నాను. చెంబుడు నీళ్ళు తాగాను.

తిన్నాక భయం పట్టుకుంది. మందు కడుపులో ఉంది, ఉప్పు వెళ్ళి దాన్ని విషం చేస్తుంది, రాత్రికి పోతాను అనుకున్నాను. పోలేదు. సాయంత్రం గోడ పట్టుకోకుండా ఇంటికి నడిచి వెళ్ళాను.

అప్పట్నించి రోజూ వెళ్ళాను. భయం పోలేదు గాని దాని పక్కన ఇంకోటి చేరింది. ఇదేమిటో చూడాలి అని. విషమయితే లేచి ఎలా తిరుగుతున్నాను? ఒకరోజు కావాలని తినకుండా ఉన్నాను. మర్నాడు కళ్ళు తిరిగాయి. రెండు రోజులు మానేశాను. వాంతి అయింది. మళ్ళీ తిన్నాను. సర్దుకుంది. లెక్క మర్చిపోతానని ఒక దారానికి ముడులు వేసి పెట్టుకున్నాను. ఉప్పు తిన్నరోజు ఎర్ర పోగు ముడి, తినని రోజు తెల్ల పోగు ముడి. తెల్లముడి తర్వాత రోజు ఎప్పుడూ నేను మంచంలోనే.

ఎవరికీ చెప్పలేదు. చెబితే పథ్యం తప్పినదాన్నవుతాను. పిల్లలు పుట్టకపోవడానికీ అదే కారణమంటారు. పైగా ఆ ఉప్పు పరాయిది, పాకాయన కొన్నది.

దీంతో జరిగిందేమిటంటే, నేను లేచి తిరగడం చూసి మా అత్తగారు పథ్యం పనిచేసిందన్నారు. మండలం పూర్తయ్యాక వైద్యులుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన మొహంలో సంతోషం చూడాలి.

"చూసేరా? ఉప్పు మాన్పిస్తే మనిషి ఎలా తేరుకుందో! నలుపు ఇంకా పోలేదు. ఇంకో మండలం పొడిగిద్దాం."

"ఆయ్, అలాగేనండి," అన్నారు అత్తగారు.

నేను నేల చూపులు చూశాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పుస్తకంలో ఆయన ఏదో రాసుకుంటున్నారు. ఏం రాస్తున్నారో అనుకున్నాను.

రెండో మండలం సగంలో వానలు పట్టాయి. వానల్లో నూలు ఆరదు. పాకాయన పొయ్యిలు ఆర్పేసి, మిగిలిన ఉప్పు చెమ్మ పడుతుందని బస్తా ఇంటికి పట్టుకుపోయాడు. వారం రోజులు వరసగా తెల్లముళ్ళే. ఏడో ముడి వేశానో లేదో నాకు గుర్తులేదు. మగ్గం గుంట పక్కన పడిపోయానట. మా ఆయన రిక్షాలో వేసుకుని అమలాపురంలో ఒక చిన్న ప్రైవేటాసుపత్రికి తీసుకెళ్ళాడు.

తెలివి వచ్చేసరికి పొద్దున్న అయింది. చేతికి సూది, పైన తల్లకిందులుగా గాజు సీసా. ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఆకలి కూడా వేస్తోంది. కాంపౌండరు సీసా మార్చడానికి వచ్చాడు.

"అందులో ఏటుందండీ?" అని అడిగాను.

"మందమ్మా."

"ఏ మందు?"

"నీకెందుకమ్మా, పనిచేసింది కదా."

"పనిచేసింది కాబట్టే అడుగుతున్నాను. పనిచెయ్యకపోతే అడగడానికి నేనుండను."

అతను నవ్వాడు. "ఉప్పు నీళ్ళమ్మా. సెలైనంటే ఉప్పు నీళ్ళు."

"మామూలు ఉప్పేనా? కూరలో వేసుకునేదా?"

"అదే. శుభ్రం చేసి కలుపుతారు."

నేను పైకి నవ్వేశాను. బెంచీ మీద కునుకుతున్న మా ఆయన ఉలిక్కిపడి లేచాడు. అతను వెళ్ళాక మొత్తం చెప్పాను. బస్తా సంగతి, ముడుల సంగతి.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి మండలంలో అయిదో రోజు నుంచి."

"పాకాయన నన్నడిగేడే. బస్తా తరిగిపోతంది, ఎవరన్నా పట్టుకుపోతన్నారేటోయ్ అని. ఎలకలేవోనండి అన్నాను."

"ఎలకలు ఉప్పు తింటాయేటండీ?"

"నువ్వు తింటావని నేననుకున్నానేటి!"

ఆ డాక్టరు మూడు రోజులు చూశాడు. సీసా పెడితే లేస్తున్నాను, తీస్తే పడుతున్నాను. "ఇలా ఎన్ని సీసాలని పెడతాను? నాకు అర్థం కావటం లేదు. కాకినాడ తీసుకెళ్ళండి," అని నిజం చెప్పేశాడు. అర్థం కాలేదని చెప్పిన మొదటి మనిషి ఆయనే. అందుకు ఆయన మీద నాకు గౌరవం.

ముమ్మిడివరం మీదుగా బస్సులో ఎదుర్లంక దాకా, అక్కడ పంటెక్కి గోదావరి దాటి యానాం, మళ్ళీ బస్సు. మా అత్తగారు గిన్నెలు, కిరసనాయిలు స్టవ్వు మూట కట్టుకుని మా వెంట వచ్చారు. పథ్యం అక్కడా జరగాలి కదా. రేవు దగ్గర నేను గట్టున పడుకుంటే, మా ఆయన పప్పుచెక్కలు కొన్నట్టే కొని, వాటిమీద ఉప్పద్దించుకుని, ఆవిడ చూడకుండా నా చేతిలో పెట్టాడు.

కాకినాడలో అది ధర్మాసుపత్రి. చీటీ రాసే గుమస్తా మా ఆయన్ని అడిగాడు.

"ఏం పని?"

"మగ్గమండి."

"మిల్లులోనా? మిల్లయితే కార్డుంటుంది. వేరే ఆసుపత్రికి పంపుతారు, మందులన్నీ వాళ్ళే ఇస్తారు. ఇన్సూరెన్సు."

"మిల్లు కాదండి. ఇంట్లో గుంటలో."

"అయితే లేదు."

ఇన్సూరెన్సు అనే మాట మాకు తెలియక కాదు. లారీలకి చేయిస్తారని తెలుసు. మా ఆయన వరండాలో కూర్చుని, "లారీ పాడయితే ఎవరో బాగు చేయిస్తారంట. మగ్గం నేసేవాడి పెళ్ళాం పాడయితే మాత్రం లేదంట. లారీగా పుట్టినా బాగుండేదే," అన్నాడు. నవ్వించడానికే అన్నాడు గాని ఆయన మొహంలో నవ్వు లేదు.

రెండోరోజు పెద్ద డాక్టరమ్మగారు వచ్చారు. వెంట పదిమంది కుర్ర డాక్టర్లు. ఆవిడ మాట విసురు. నన్ను పడుకోబెట్టి బీపీ చూశారు. నిలబెట్టి మళ్ళీ చూశారు. చేతులు తిప్పి చూశారు.

"రంగు పని చేస్తావా?"

"చేస్తానండి. కాని ఇది రంగు కాదండి."

"నీకెలా తెలుసు?"

అయిదారు నెలలుగా ఎవరైనా ఈ మాట అడుగుతారా అని చూస్తున్నాను. గోళ్ళు చూపించాను. రంగు ముందు ఎక్కడ దిగుతుందో, ఎక్కణ్ణించి ఆఖరున పోతుందో చెప్పాను. ఇటికముక్క సంగతీ చెప్పాను. ఆవిడ నా చెయ్యి వదలకుండానే వెనక్కి తిరిగి, "ఈవిడ చెప్పింది విన్నారా? రాసుకోండి," అన్నారు. పదిమందీ రాసుకున్నారు. నాకు సిగ్గేసింది. తర్వాత నోరు తెరవమన్నారు. చిగుళ్ళ మీద, నాలుక పక్కన నల్లమచ్చలున్నాయట. నోట్లో రంగు పోసుకోను కదా. మెడ మీద పాత మచ్చ చూసి ఎప్పటిదన్నారు. చిన్నప్పుడు గడ్డలు లేచి పగిలాయని చెప్పాను.

"ఉప్పు బాగా తింటావా?"

నేను నోరు తెరిచేలోగా మా అత్తగారు ముందుకొచ్చారు. "లేదండి, లేదండి! డెబ్బై రోజుల పైనయిందండి ఉప్పు ముట్టి. నిష్ఠగా పథ్యం చేయిస్తన్నానండి. ఒక్క రవ్వ కూడా తగలనివ్వలేదండి."

డాక్టరమ్మగారు ఆవిడ వంక చూడలేదు. నా వంకే చూశారు.

"డెబ్బై రోజులు ఉప్పు ముట్టకపోతే నువ్వు బతికుండకూడదు. ఎలా బతికున్నావు?"

ఆ మాట అలాగే అన్నారు, మెత్తగా ఏమీ కాదు. వార్డంతా వింటోంది. పక్కన అత్తగారు. చెబితే ఇంటికి వెళ్ళాక ఏమవుతుందో నాకు తెలుసు. చెప్పకపోతే ఈ అడిగినావిడ కూడా వెళ్ళిపోతుంది. నడుముకి దోపుకున్న ముడుల దారం తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

"రంగు పాకలో దొంగతనంగా తిన్నానండి. ఎర్రముడి తిన్నరోజు. తెల్లముడి తిననిరోజు. తెల్లముడి తర్వాత లేవలేనండి."

మా అత్తగారి చేతిలోంచి గిన్నె జారి కింద పడింది. "దొంగ మొహమా!" అన్నారు. "దేవుడిలాంటి ఆయన పథ్యం చెబితే!" అంటూ కొట్టడానికి చెయ్యెత్తారు కూడా.

"ఆగండమ్మా," అన్నారు డాక్టరమ్మగారు. దారాన్ని ఒక్కో ముడీ జరుపుతూ చివరిదాకా చూశారు. "ఈ దొంగతనమే మీ కోడల్ని ఇక్కడిదాకా తీసుకొచ్చింది. మీరు ఇంకో పది రోజులు పథ్యం పెట్టుంటే శవాన్ని తెచ్చుకునేవారు."

ఎక్సరే తీశారు. సాయంత్రం ఆవిడ మళ్ళీ వచ్చి, దాన్ని కిటికీకి పట్టి నాకే చూపించారు. నేను అడిగాను కాబట్టి చూపించారు. మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులుంటాయట. చిన్నప్పటి గడ్డల జబ్బు టీబీ. అది లోపల్లోపల పాకి వాటిని తినేసిందట. అవి ఉండాల్సిన చోట సున్నం చిలికినట్టు తెల్లచుక్కలున్నాయి. ఒంట్లో ఉప్పు నిలబెట్టేది ఆ గ్రంథులే. అవి లేకపోతే ఎంత తిన్నా కారిపోతూ ఉంటుంది. ఇలాంటి జబ్బు తన సర్వీసులో రెండోసారి చూడడం అన్నారు ఆవిడ.

"నలుపెందుకు మరి?"

"తల నుంచి ఆ గ్రంథుల్ని పనిచెయ్యమని కబురు వెళ్తూ ఉంటుంది. అవి పలకవు. కబురు ఇంకా ఇంకా ఎక్కువ పంపుతుంది. ఆ ఎక్కువైన కబురు చర్మానికి తగిలి నల్లబరుస్తుంది."

నాకు అది ఎంత బాగుందో చెప్పలేను. నా ఒంట్లో నాకు తెలియకుండా ఎవరో ఎవర్నో పిలుస్తూ ఉన్నారు, పలికేవాళ్ళు లేరు.

"మందుందాండీ?"

"ఉంది. ఆ గ్రంథి తయారుచేసే సరుకే మాత్రగా వస్తుంది. రోజూ వెయ్యాలి. జ్వరమొస్తే రెండింతలు."

"ఎన్నాళ్ళండి?"

"బతికినన్నాళ్ళూ."

"మానేస్తే?"

"బతకవు."

ఇలా మాట్లాడేవాళ్ళంటే నాకు ఇష్టం.

ఆ పూట మా అత్తగారు భోజనాల వేళకి బయటికెళ్ళి, కాగితం పొట్లంలో ఉప్పు తెచ్చి నా కంచం పక్కన పెట్టారు. "తిను. మనవణ్ణి ఎత్తుకుందామని చూస్తే ఉప్పు రాకాసి దొరికింది నా ప్రాణానికి," అన్నారు. అని, అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. నేను తిన్నాను.

మాత్రతో పది రోజుల్లో లేచాను. తర్వాతి కథ అంతా ఆ మాత్రదే. నెలనెలా మా ఆయన అదే బస్సు, అదే పంటు పట్టుకుని వెళ్ళి తెచ్చేవాడు. ధర్మాసుపత్రిలో ఉన్న నెల ఊరికే ఇచ్చేవారు, లేని నెల బయట కొనేవాళ్ళం. మాకు రెండో మగ్గం ఉండేది, అలా అది పోయింది. ఆయన ఎప్పుడూ దాని ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. గుంట పూడ్చి, అక్కడ పొట్లపాదు పెట్టాను.

డాక్టరమ్మగారు ఒక చీటీ రాసిచ్చారు. పైన తెలుగు, కింద ఇంగ్లీషు. ఎప్పుడు ఎక్కడ పడిపోయినా అది చూపించమన్నారు. పడిపోయినదాన్ని ఎలా చూపిస్తానన్నాను. "మెడలో కట్టుకో," అన్నారు. తగరపు డబ్బీలో పెట్టి పుస్తెలతోపాటు కట్టుకున్నాను. ఏళ్ళు గడిచాయి. నా ప్రాణం సంగతి నా మెడలోనే ఉంది, అందులో ఏముందో నాకే తెలియదు. అది నన్ను తినేసింది.

ఎనభైలు వచ్చాక, పక్క పేటలో చర్చి వరండాలో మధ్యాహ్నాలు పెద్దవాళ్ళకి చదువు చెప్పడం మొదలుపెట్టారు. చెప్పేది ఆ పేట టీచరమ్మ, నా కన్నా బాగా చిన్నది. నేను చీటీ తీసి ఆవిడ ముందు పెట్టాను.

"ఇది చదవడం నేర్పండి."

"ముందు అ ఆలు నేర్చుకోవాలండి పిన్నిగారూ. ఇందులో గుణింతాలు, ఒత్తులు అన్నీ ఉన్నాయండి."

"ఉండనీండి. నూలులో చిక్కులుండవేటి? నిదానంగా తీసుకుందాం."

ఆవిడ చదివి వినిపిస్తానన్నారు. వద్దన్నాను. రెండు వానాకాలాలు పట్టింది. చీటీలో మొదటి వరుస నేను సొంతంగా చదివినరోజు టీచరమ్మ చప్పట్లు కొట్టింది. "ఈమెకు ఏ కారణము చేతను మాత్రలు, ఉప్పు ఆపరాదు" అని ఉంది. అప్పటికి నాకు నలభై దాటాయి. తర్వాత కనిపించిన కాగితమల్లా చదివేదాన్ని, పకోడీ పొట్లాలతో సహా.

నేను చదువుతానని ఊళ్ళో తెలిసింది. అది విని కాబోలు, ఒక మధ్యాహ్నం వైద్యులుగారు మా ఇంటికి వచ్చారు. నేను కాకినాడ వెళ్ళొచ్చిన సంగతి తెలిసినప్పటి నుంచి ఆయన మా వీధి మొహం చూడలేదు. ముసలివారయ్యారు. కళ్ళల్లో శుక్లాలు. మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దింపి వెళ్ళింది. చంకలో సంచీ. అత్తగారు అప్పటికి పోయారు. మా ఆయన మగ్గం ఆపి లేచి, కుర్చీ వేసి, మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాడు.

"బాగున్నావామ్మా?"

"బాగున్నానండి. మీరు నన్ను చంపేసేవారండి," అన్నాను. ఏడెనిమిదేళ్ళుగా లోపల పెట్టుకున్న మాట అది. వచ్చిన పెద్దాయనతో అలా అనవచ్చా అని నేను ఆలోచించలేదు.

ఆయన తల ఊపారు. "ఆయ్. చంపేసేవాణ్ణే."

తర్వాత ఆయన చెయ్యి చూపించమన్నారు. మొహానికి దగ్గరగా పెట్టుకుని, వేలితో గీతలు తడిమారు. అన్నీ అడిగారు. ముందు గీతలు నల్లబడ్డాయా, చిగుళ్ళా? నిలబడితేనే కళ్ళు తిరిగేవా, కూర్చున్నా తిరిగేవా? ఉప్పు తిన్నాక ఎంతసేపటికి తేరిక? నేను చెబుతుంటే పిల్లవాడిలా వింటున్నారు. దానికోసమే వచ్చారనుకున్నాను. అదొక్కటే కాదు. సంచీలోంచి పాత పుస్తకం తీశారు. అట్ట ఊడిపోయి, దారంతో కట్టి ఉంది.

"నా దగ్గరికొచ్చినవాళ్ళ సంగతులమ్మా ఇవి. నాకు కనబట్టం లేదు. ఇంట్లోవాళ్ళ చేత చదివించుకోలేను. నువ్వు చదువుతావన్నారు. నీ లాంటిది ఇంకోటి ఇందులో ఉండాలి. ఉప్పలగుప్తం పక్క నుంచి వచ్చింది. నీ కన్నా ముందు."

నేను పేజీలు తిప్పాను. ఆయనవి గొలుసుకట్టు అక్షరాలు, చాలా కష్టం. ముందు నా పేజీ దొరికింది. "ఉప్పు మాన్పించితిని. గుణము కనబడినది" అని ఉంది. ఆయన రాస్తుంటే ఆ రోజు ఏమిటో అనుకున్నాను. ఇదన్నమాట.

"ఇంకా వెనక్కి," అన్నారు.

వెనక్కి వెళ్ళాను. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాను. "పడవలవారి ఇల్లాలు. వయస్సు ఇరువదియారు. వలలు అల్లును. దేహము నల్లబడుచున్నది. వాంతులు. నిలబడిన కళ్ళు తిరుగుచున్నవి. ఉప్పు అడుగుచున్నది. ఇవ్వరాదని చెప్పితిని."

ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. "తర్వాత?"

"తర్వాత ఏమీ లేదండి. కాగితం ఖాళీ."

"వారం తర్వాత ఆవిడ మొగుడొచ్చి చెప్పేడమ్మా. రాయలేదు నేను." "ఆవిడకి రంగు పని కాదు. నల్లబడింది ఎందుకో అడగాల్సింది. ఎండనుకున్నాను. పడవలవాళ్ళు కదా, ఎండనుకున్నాను."

నా వేలు ఆ ఖాళీ కాగితం మీదే ఉంది. ఇరవయ్యారేళ్ళ ఆ మనిషికి పక్కన రంగు పాక లేదు. నాకూ ఆవిడకీ తేడా అంతే.

మా ఆయన మంచినీళ్ళ చెంబుతో వచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి, చెంబు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

"మిగతాది కూడా చదవమ్మా," అన్నారు వైద్యులుగారు. "మొదట్నించి. ఇంకా ఎవరన్నా ఉన్నారేమో. బతికున్నవాళ్ళు ఉన్నారేమో."

"చాలా ఉందండి. నేను నెమ్మదిగా చదువుతాను."

"చదువు. నాకు వేరే పనేముంది?"

మొదటి పేజీ తీసి, వేలు పెట్టి, చదవడం మొదలుపెట్టాను.